దారి తెలిసినవాడి కూలి ఎంత?

2022 జులై చివరి వారంలో హైదరాబాదులో కురిసిన వానలు పాఠకులకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మూసీ పొంగింది. మూసారాంబాగ్ వంతెన మీద, చాదర్‌ఘాట్ దగ్గర లోతట్టు వంతెన మీద రాకపోకలు ఆపివేశారు. ఆ వారంలోనే ఒక రాత్రి సికిందరాబాదు స్టేషనులో దిగిన ఒక కుటుంబాన్ని దిల్‌సుఖ్‌నగర్ చేర్చే పని మా సంఘ సభ్యుడైన ఒక టాక్సీ డ్రైవరుకు తగిలింది. ఫోనులోని యాప్ అంబర్‌పేట మీదుగా మూసారాంబాగ్ దారి చూపింది. జలాశయాల గేట్లు ఎత్తిన వార్త ఆయన పగలే విని ఉన్నారు. ఆ నీరు ఏ వేళకు ఆ వంతెన మీదికి వస్తుందో ఆయనకు తెలుసు. పోనీ కోఠి వైపు తిప్పుదామంటే మలక్‌పేట రైలు వంతెన కింద నీరు నిలిచి ఉంటుందనీ తెలుసు. కనుక రామంతపూర్, ఉప్పల్ మీదుగా వెళ్లి, నాగోలు దగ్గర మూసీ దాటి, కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ చేర్చారు. చుట్టుదారి వలన ఆరేడు కిలోమీటర్లు పెరిగాయి. పసిపిల్లలతో ఉన్న ఆ కుటుంబం దిగేటప్పుడు దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

మరునాడు ఆయన సంఘ కార్యాలయానికి వచ్చి ఫోను మా ముందు పెట్టారు. కిరాయి బయలుదేరే ముందు లెక్కగట్టినదే వచ్చింది. పెరిగిన దూరానికి పైసా కలవలేదు. పైగా చూపిన దారి విడిచినందుకు ఒక హెచ్చరిక కూడా వచ్చింది. "అన్నా, బండిని నీళ్లల్లకు తోలితే మంచిగుండెనా?" అని ఆయన అడిగారు. కంపెనీకి లేఖ రాశాము. వచ్చిన జవాబు మనిషి రాసినది కాదని చూడగానే తెలిసింది.

ఆయన నష్టపోయినది పెద్ద సొమ్ము కాదు. కొంత ఇంధనం, ఒక పూట భోజనం ఖర్చు. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ వదలలేదు. ఒక కార్మికుడు తన జ్ఞానాన్ని వినియోగించి ప్రయాణికులను ఆపద నుంచి తప్పించాడు. ఆ జ్ఞానానికి కూలి దక్కకపోగా అది నేరంగా నమోదయింది. రవాణా రంగంలో పనిచేసే మన సంఘాలన్నీ కిరాయి రేట్లు, కమీషను, ఇంధనం ధరల మీద ఎన్నో మహజర్లు సమర్పించాయి. దారి తెలిసి ఉండటం అనే నైపుణ్యం గురించి మాత్రం మనం ఒక్క తీర్మానం కూడా సరిగా చేయలేదు. అదేమి నైపుణ్యమని మనవాళ్లలోనే కొందరు అంటారు.

బండి తోలటమంటే స్టీరింగు తిప్పటం, గేరు మార్చటం అని బయటివారు అనుకుంటారు. లైసెన్సు కోసం పెట్టే పరీక్షలోనూ చూసేది ప్రధానంగా ఆ పనితనాన్నే. టాక్సీ కార్మికుని పనిలో అది సగం మాత్రమే. మిగిలిన సగం ఆయన తలలో జరుగుతుంది. మన నగరాలలో వీధులకు పేర్లుండవు. ఉన్నా ఎవరూ వాడరు. వార్డు, బ్లాకు, ఇల్లు అని గీతలతో విడగొట్టిన ఇంటి నంబరు చెబితే పోస్టుమాను తప్ప మరొకరు ఇల్లు పట్టుకోలేరు. "వాటర్ ట్యాంకు పక్క సందు", "పాత సినిమా హాలు వెనుక" అన్న మాటల నుంచి గమ్యాన్ని ఊహించాలి. కూల్చివేసి పదేళ్లయిన సినిమా హాలు కూడా జనం నోట గుర్తుగా బతికే ఉంటుంది. అది ఏ పటంలోనూ కనిపించదు.

దూరం తెలిసినంత మాత్రాన కూడా చాలదు. ఒకే రోడ్డు ఉదయం ఎనిమిదింటికి ఒక రోడ్డు, బడి వదిలే వేళకు మరొక రోడ్డు. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు పరిసరాలు, బోనాల ఆదివారం లాల్‌దర్వాజా, నిమజ్జనం నాడు బాలాపూర్ నుంచి హుస్సేన్‌సాగర్ దాకా సాగే ఊరేగింపు దారి ఎట్లా ఉంటాయో పంచాంగం చూసి చెప్పగలిగి ఉండాలి. పంచాంగం అన్నది వేళాకోళానికి కాదు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఫంక్షన్ హాళ్లు వరుసగా ఉన్న రోడ్డులోకి బండి పెట్టిన డ్రైవరు గంటసేపు బరాత్ వెనుక బాజా వింటూ కూర్చోవలసిందే. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైగా సాగే ఎత్తు వంతెన ఎక్కితే మధ్యలో దిగే చోట్లు కొద్ది. కింద పని ఉన్నవాడు ఎక్కకూడదు. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు మీద ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగితే టోలు ఎంత, మిగిలే సమయం ఎంత, తిరుగు దారిలో బేరం దొరుకుతుందా అన్నది రెండు నిమిషాలలో లెక్క వేయాలి. ఆ రెండు నిమిషాలలోనే ప్రయాణికునితో మాట్లాడి ఒప్పించాలి కూడా.

ఐ.టి. సంస్థల ఉద్యోగులను చేరవేసే క్యాబ్ కార్మికుల పని ఇంకా క్లిష్టమైనది. నలుగురిని నాలుగు చోట్ల ఎక్కించుకొని లాగిన్ వేళకు గేటు దగ్గర దింపాలి. ఎవరిని ముందు, ఎవరిని వెనుక ఎక్కించుకోవాలన్నది దూరంతోనే తేలదు. ఒకరు పిలవగానే మెట్లు దిగివస్తారు. మరొకరికి ఏడు నిమిషాలు పడుతుంది. రాత్రి షిఫ్టులో మహిళా ఉద్యోగిని మొదట ఎక్కించుకోకూడదు, చివర దించకూడదు, లేదా వెంట గార్డు ఉండాలి. ట్రాన్స్‌పోర్టు డెస్కులో కూర్చున్నవారు కాగితం మీద గీసిన రూటు ఈ అవాంతరాలలో ఏ ఒక్కటి ఎదురైనా పనికిరాకుండా పోతుంది. దాన్ని అప్పటికప్పుడు సరిదిద్దేవాడు డ్రైవరు. ఆలస్యానికి జరిమానా కట్టేవాడు కూడా ఆయనే.

ఈ విద్యను మనవాళ్లకు ఎవరూ బడి పెట్టి నేర్పలేదు. మేము సంఘ పనిలోకి వచ్చిన 1990లలో స్టేషన్ల ముందు అంబాసిడర్ టాక్సీల స్టాండ్లుండేవి. కొత్తగా వచ్చిన కుర్రవాణ్ణి పెద్ద డ్రైవరు కొన్నాళ్లు పక్క సీట్లో కూర్చోబెట్టుకొని తిప్పేవాడు. బేరం లేని మధ్యాహ్నపు వేళల్లో చెట్టు కింద కూర్చొని పెద్దలు ప్రశ్నలు వేసేవారు. "అబిడ్స్ దిక్కు పోకుండ గోల్కొండకెళ్లి మౌలాలి ఎట్ల పోతవు చెప్పురా?" కుర్రవాడు ఒక్కొక్క చౌరస్తా పేరు చెప్పుకుంటూ పోవాలి. ఒక మలుపు తప్పితే అందరికీ టీ ఇప్పించాలి. మేము కరపత్రాలు పంచటానికి వెళ్లి ఆ ప్రశ్నల మధ్య ఇరుక్కొని చాలాసార్లు టీ ఇప్పించాము.

ఆ చెట్టు కింది ఆటనే ప్రభుత్వం పరీక్షగా నిర్వహించే నగరం ఒకటి ఉన్నది. లండనులో నల్ల టాక్సీ తోలేవారు 1865 నుంచి "నాలెడ్జి" అని పిలిచే పరీక్షలో నెగ్గాలి. చేరింగ్ క్రాస్ కేంద్రంగా ఆరు మైళ్ల వ్యాసార్ధంలో ఉన్న సుమారు 25,000 వీధులు, వేలాది ముఖ్య స్థలాలు, ప్రామాణికంగా నిర్ణయించిన 320 మార్గాలు కంఠతా రావాలి. పరీక్షకుని ఎదుట కూర్చొని, పటం చూడకుండా, ఒక చోటి నుంచి మరొక చోటికి దారిని మలుపు మలుపుగా నోటితో అప్పజెప్పాలి. సాధారణంగా మూడు నాలుగు సంవత్సరాలు పడుతుంది. ముందుగా బుక్ చేసుకుంటే వచ్చే ప్రైవేటు హైరు డ్రైవర్లకు ఇంత కఠినమైన పరీక్ష లేదు. వారికి 1998 చట్టం కింద వేరే లైసెన్సు ఉన్నది. అయినా పటం చదవటం, దిక్కులు గుర్తించటం, రెండు చోట్ల మధ్య మార్గాన్ని రూపొందించటం వచ్చునా రాదా అని వారికి కూడా అక్కడి రవాణా సంస్థ పరీక్ష పెడుతుంది. జేబులో ఫోను ఉన్న కాలంలోనూ ఆ పరీక్ష రద్దు కాలేదు.

లండన్ టాక్సీ కార్మికుల మెదడును శాస్త్రజ్ఞులు పరిశీలించిన సంగతి మన కార్యకర్తలందరూ తెలుసుకోవలసినది. ఎలియనోర్ మెగ్వైర్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో, స్థలజ్ఞానానికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో వెనుక వైపు ఈ డ్రైవర్లలో పెద్దదిగా ఉన్నట్లు తేలింది. ట్రాఫిక్కులో తిరగటం వలన అట్లా జరిగిందేమోనన్న సందేహం వచ్చింది. దానితో 2006లో వారు అదే నగరంలోని బస్సు డ్రైవర్లతో పోల్చి చూశారు. బస్సు డ్రైవర్లు కూడా ఆ రోడ్ల మీదే పనిచేస్తారు. కాకపోతే వారిది నిర్ణయమైన రూటు. ఆ మార్పు వారిలో కనిపించలేదు. 2011లో మరొక పరిశోధన వెలువడింది. నాలెడ్జి నేర్చుకోవటం మొదలుపెట్టిన 79 మందిని కొన్ని సంవత్సరాలు గమనించగా, అర్హత సాధించిన 39 మందిలోనే ఈ మార్పు వచ్చింది. స్టీరింగు పట్టటం వేరు, మార్గం ఆలోచించటం వేరు అని ఇంతకంటే స్పష్టంగా ఏ వేతన సంఘమూ చెప్పలేదు. (బస్సు కార్మిక సోదరులు దీన్ని మరొక విధంగా తీసుకోరాదు. వారి పనిలో ఉన్న భారం వేరు, దాని మీద వేరే వ్యాసం రాయవలసి ఉన్నది.)

ఇట్లా మెదడునే మార్చివేసేటంత శ్రమతో సంపాదించిన విద్య ఇప్పుడు ఫోను తెర మీద ఉచితంగా దొరుకుతున్నది. లండనులో 2013 ప్రాంతంలో 25,000 పైగా ఉన్న నల్ల టాక్సీ డ్రైవర్ల సంఖ్య ఇటీవల 17,000 ప్రాంతానికి పడిపోయింది. ప్రైవేటు హైరు డ్రైవర్లు లక్ష దాటారు. యంత్రం వచ్చినప్పుడు చేతిపని విలువ తగ్గటం కొత్త సంగతి కాదని మనం అనుకోవచ్చు. కానీ ఈ యంత్రం ఎట్లా తయారైనదో గమనించాలి.

కార్మికుల వద్ద తరతరాలుగా పోగుపడిన పనితనపు జ్ఞానాన్ని యాజమాన్యం సేకరించి నియమాలుగా మార్చుకోవాలని ఫ్రెడరిక్ టేలర్ 1911లోనే రాశాడు. ఆలోచన మేనేజరుది, అమలు కార్మికునిది అనే ఈ విభజన వలన నైపుణ్యం ఎట్లా అంతరిస్తుందో హారీ బ్రేవర్మన్ 1974లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. టేలరు కాలంలో గడియారం పట్టుకొని కార్మికుని వెనుక ఒక మనిషి నిలబడేవాడు. ఇప్పుడు ఆ గడియారం డ్రైవరు ముందు స్టాండుకు తగిలించిన ఫోనులోనే ఉన్నది. దాని వాయిదాలు కట్టేది కూడా డ్రైవరే. ఏ రోడ్డు మీద ఏ వేళకు బండి ఎంత వేగంతో కదిలింది అన్న సమాచారం వేలాది ఫోన్ల నుంచి చేరితేనే పటం మీద రోడ్డు ఎర్రగానో పచ్చగానో కనిపిస్తుంది. రోజుకు పది పన్నెండు గంటలు రోడ్డు మీద ఉండే డ్రైవరు ఆ సమాచారానికి అందరికంటే పెద్ద దాత. తాను ఇచ్చిన జ్ఞానమే ఆజ్ఞగా మారి తనకు తిరిగి వస్తున్నది.

దానికి విలువ లేదా అంటే, ఉన్నది. 2024 జులైలో ఓలా సంస్థ గూగుల్ పటాలను మానివేసి సొంత పటాలకు మారినప్పుడు, అంతవరకు ఆ పద్దు కింద ఏటా 100 కోట్ల రూపాయలు ఖర్చయ్యేదని దాని అధినేత బహిరంగంగా ప్రకటించారు. అంటే దారి చెప్పటానికి మార్కెట్టులో ధర ఉన్నది. యంత్రం చెబితే అది కోట్లలో ఉంటుంది. మనిషి చెబితే సున్నా.

ఇక యాప్ చూపేది ఎవరికి మంచి దారి అన్నది మరొక ప్రశ్న. ప్రయాణికునికి రెండు నిమిషాలు కలిసివచ్చే దారి డ్రైవరుకు టోలు, గుంతలు, ఖాళీ తిరుగు ప్రయాణం తెచ్చిపెట్టవచ్చు. గ్యాస్ బంకు ఎక్కడ ఉన్నది, ఆ వేళకు అక్కడ వరుస ఎంత పొడవున్నది, మూత్రశాల ఎక్కడ ఉన్నది, మధ్యాహ్నం బండి ఆపి అన్నం తినటానికి ఎవరూ తరిమివేయని నీడ ఎక్కడ ఉన్నది అన్నవి కూడా డ్రైవరు మార్గ ప్రణాళికలో భాగాలే. యాప్ లెక్కలో వీటికి చోటు లేదు. పైగా చాలా సందర్భాలలో గమ్యం, కిరాయి ముందుగా పూర్తిగా తెలియనివ్వరు. గమ్యం తెలియనివాడు దారి ఏమి ఆలోచిస్తాడు?

కళ్లు మూసుకొని తెరను నమ్మిన చోట ప్రాణాలే పోయాయి. 2023 అక్టోబరు 1 రాత్రి కేరళలో కొచ్చి సమీపాన, భారీ వర్షంలో పటం చూపిన దారిన వెళ్లిన కారు పెరియార్ నదిలో పడి ఇద్దరు యువ వైద్యులు మరణించారు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, అసంపూర్తిగా ఉన్న వంతెన మీది నుంచి కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. వంతెన తెగిపోయి ఉన్నదని పటానికి తెలియలేదు. ఆ ఊరి టాంగావానికి తెలిసి ఉంటుంది.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2020 నవంబరులో కేంద్ర ప్రభుత్వం అగ్రిగేటర్ల కోసం జారీ చేసిన మార్గదర్శకాలు, డ్రైవరు యాప్ నిర్ణయించిన దారిలోనే వెళ్లేట్లు సంస్థ చూడాలనీ, తప్పితే కంట్రోలు గది వెంటనే డ్రైవరును సంప్రదించాలనీ చెప్పాయి. దీని ఉద్దేశాన్ని మేము తప్పుపట్టము. 2014 డిసెంబరులో ఢిల్లీలో క్యాబ్‌లో ఒక యువతిపై జరిగిన అత్యాచారం తర్వాత ఒంటరిగా ప్రయాణించే మహిళ భయం నిజమైనది. ఆ భయాన్ని పోగొట్టటం మన బాధ్యత కూడా. దారి రికార్డు ఉండటం వలన అబద్ధపు ఆరోపణ నుంచి బయటపడిన డ్రైవర్లను మేము ఎరుగుదుము. కానీ కంట్రోలు గది సంప్రదించటమంటే ఒక మనిషి మాట్లాడి కారణం అడగటం. నీరు వచ్చింది, చుట్టి పోతున్నాను అంటే నమోదు చేసుకొని, దూరానికి కిరాయి కలపటం. మా సభ్యుని విషయంలో జరిగినది అది కాదు. భద్రత పేరుతో వచ్చిన నియమం కిరాయి ఎగవేతకు సాధనమైంది.

అవే మార్గదర్శకాలు డ్రైవరుకు ఐదు రోజుల పాటు, కనీసం 30 గంటల శిక్షణ ఇవ్వాలన్నాయి. శిక్షణాంశాలలో లైసెన్సు ప్రాంతపు మార్గాల పరిచయం కూడా ఒకటి. ఫోనులో నాలుగు వీడియోలు చూపి ఆ గంటలు పూర్తయినట్లు వేసుకున్నారని మా సభ్యులు చెబుతున్నారు. 2025 జులైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు రద్దీ వేళ మూలకిరాయికి రెండింతల దాకా వసూలు చేయటానికి అనుమతించాయి. రద్దీలో ఆలోచించి దారి తీసేవానికి ఆ రెండో ఇంతలో ఎంత వాటా అన్నది ప్రతి శాఖా తన దగ్గర లెక్క తీయవలసిన విషయం.

బ్రిటన్‌లో ఊబర్ డ్రైవర్ల కేసులో 2021 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన న్యాయవాదులు తరచు ఉదహరిస్తారు. డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, చట్టపరమైన హక్కులు గల కార్మికులు అని ఆ తీర్పు చెప్పింది. దానిలో ఒక అంశాన్ని మనం తగినంతగా పట్టించుకోలేదు. యాప్ చూపిన దారిలోనే వెళ్లాలని నిర్బంధం లేకపోయినా, ప్రయాణికుని సమ్మతి లేకుండా దారి మారిస్తే నష్టం డ్రైవరు నెత్తినే పడుతుందని న్యాయమూర్తులు గమనించారు. పని మీద కంపెనీ అదుపుకు దానిని కూడా ఒక నిదర్శనంగా ఎంచారు. దారి నిర్ణయించే అధికారం కంపెనీదైతే యజమాని బాధ్యత కూడా కంపెనీదే. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం 2025 నవంబరులో అమలులోకి తెచ్చిన కోడ్లలో కలిసి అంతర్ధానమైంది. యాప్ డ్రైవర్లను సామాజిక భద్రత కోడ్ "ప్లాట్‌ఫారం వర్కరు" అని పిలిచిందే తప్ప ఉద్యోగిగా అంగీకరించలేదు. కర్ణాటకలో 2025లో చేసిన చట్టం మాత్రం, పనిని ప్రభావితం చేసే యాంత్రిక నిర్ణయ పద్ధతుల గురించి కార్మికునికి తెలియజేయాలన్నది. దారి తప్పావు అని యంత్రం వేసే ముద్ర ఆ కోవలోకి వస్తుందని వాదించి చూడాలి. బెంగుళూరులో వేలాదిగా ఉన్న మన తెలుగు డ్రైవర్లు దీనికి పూనుకోవాలని మా కోరిక.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మీటరు కాలంలో దారి తెలిసినవారిలో కొందరు ఆ తెలివిని ఊరికి కొత్తవారి మీద ప్రయోగించారు. స్టేషను నుంచి రెండు కిలోమీటర్ల దూరానికి నగర ప్రదక్షిణం చేయించిన ఉదంతాలు మేమే విచారించాము. సంఘ సభ్యుడని కొన్నిసార్లు వెనకేసుకొచ్చాము కూడా. యాప్ వచ్చినప్పుడు ప్రయాణికులు ఊపిరి పీల్చుకున్నారంటే అందులో మన వాటా ఉన్నది. అట్లాగే మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి నిన్న వచ్చిన యువకుడు నేడే బండి తోలి ఇంటికి డబ్బు పంపగలుగుతున్నాడంటే అది ఆ తెర పుణ్యమే. ఆ తెరను పగలగొట్టమని మేము అనటం లేదు. లండను వలె నాలుగేళ్ల పరీక్ష పెట్టమని కూడా అనము. మన దగ్గర అటువంటి పరీక్ష పెడితే అది పేదవానికి గోడ, దళారికి దుకాణం అవుతుంది. లైసెన్సు కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు.

మనం అడగవలసినది వేరు. గమ్యం, దూరం, కిరాయి అంగీకరించక ముందే పూర్తిగా కనిపించాలి. నీరు, ఊరేగింపు, పోలీసు ఆంక్ష, ప్రయాణికుని కోరిక వంటి కారణాలతో మారిన దారికి తిరిగిన దూరం మేరకు కిరాయి కట్టాలి. ఆ కారణాన్ని ఒక్క మీట నొక్కి అక్కడికక్కడే నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. డ్రైవరు మాట మనిషి వినకుండా దారి తప్పాడన్న ముద్ర రేటింగు మీద పడకూడదు. మార్గ శిక్షణ ఇచ్చిన గంటలకు కూలి ఇవ్వాలి. శిక్షణ చెప్పేవారు అనుభవజ్ఞులైన డ్రైవర్లే కావాలి. ఐ.టి. క్యాబ్ కాంట్రాక్టులలో రూటు వేసేటప్పుడు డ్రైవర్ల ప్రతినిధిని కూర్చోబెట్టాలి. వేతనాల వర్గీకరణలో నైపుణ్యపు మెట్టు లెక్కించేటప్పుడు మార్గ జ్ఞానాన్ని ఒక అర్హతగా చేర్చాలి. ఈ చివరిది వెంటనే సాధ్యం కాదని మిత్రులు కొందరు అంటున్నారు. సాధ్యం కాదేమో; కానీ అడగనిది ఎవరూ ఇవ్వరు కనుక మహజరులో రాశాము.

అడగటంతో పాటు మనం చేయగలిగిన పని ఒకటున్నది. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి హైదరాబాదు శాఖ కార్యాలయంలో మార్గ తరగతులు పెడుతున్నాము. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా, బేరాలు పాడుకాకుండా. పాత స్టాండు డ్రైవర్లు ఇద్దరు చెప్పటానికి ఒప్పుకున్నారు. గోడకు పెద్ద పటం కట్టి, ఫోన్లు బల్ల మీద పెట్టించి, వెనకటి పద్ధతిలోనే ప్రశ్నలు వేస్తారు. తప్పు చెప్పినవారు టీ ఇప్పించవలసి ఉంటుంది.

విజయవాడ, విశాఖ, వరంగల్లు శాఖలతో పాటు చెన్నై, బెంగుళూరు, ముంబయిలలోని మన తెలుగు సభ్యులు వానాకాలానికి ముందే తమ నగరంలో నీరు నిలిచే చోట్లు, వాటికి బదులు దారులు రాసి పంపవలసినదిగా కోరుతున్నాము. ఒక్కొక్క దారికి ఒక పోస్టుకార్డంత రాస్తే చాలు. ఏ వంతెన కింద ఎంత వాన కురిస్తే నీరు వస్తుంది, ఎన్ని గంటలకు తీస్తుంది, ఏ దారిలో చుట్టిపోతే ఎన్ని కిలోమీటర్లు పెరుగుతాయి అన్నవి తప్పక ఉండాలి. కిలోమీటర్ల సంఖ్య మరువవద్దు. కంపెనీల ముందు, కార్మిక శాఖ అధికారుల ముందు లెక్క చూపవలసినప్పుడు మనకు అక్కరకు వచ్చేది ఆ సంఖ్యే.